ఇఫ్తార్ పట్టికలో దొంగ

ప్రతి గురువారం ఆఫీసు ముగిశాక, అలెగ్జాండ్రియా రేవు వెనుక కాఫీ దుకాణంలో కూర్చుని షౌకీ గారి కోతలు వినడం మాకు అలవాటు. ఆయన పోయాక మానేశాం.

మా ఓడరవాణా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది ఆయనే. చివరి గురువారం ఆయన ఎదుట గుమాస్తా ఇనామ్, గోడౌను చూసే వగ్దీ, నేను ఉన్నాం. ఆ ఏడు రంజాన్‌లో ఎవరో ఇనామ్ పాస్‌వర్డ్ దొంగిలించి సరుకు కాగితాలు మార్చారు. నేరం ఆమె మీద పడి, ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. షౌకీ గారు ఆ కథే ఎత్తుకున్నారు.

"నేను చేసింది చిన్న పనే. ఉపవాసం విడిచే వేళైందని ఫిరంగి పేలింది, ఆఫీసంతా ఖర్జూరాల మీద పడింది. కీబోర్డు మీద ఒక్క వేలు లేదు. అయినా ఇనామ్ కంప్యూటర్ వెనక నెట్ వైరు దగ్గరి దీపం టపటపా కొట్టుకుంటోంది! మనం ఉపవాసం విడుస్తుంటే అది దేన్ని మింగుతోందిరా అనుకున్నా."

"అంతవరకూ నిజమే," అన్నాడు వగ్దీ.

"అంతవరకూ ఏమిటయ్యా, ఇప్పుడేగా మొదలు! వైరుకు చెవి ఆనించా. లోపల పాస్‌వర్డులు వరసగా నడిచిపోతున్న చప్పుడు. ఇనామ్‌ది మాత్రం కుంటుతోంది పాపం, ఆవిడ మీటల్ని అలా బాదుతుంది మరి!"

"నయం, చంకకర్ర ఇవ్వలేదు," అంది ఇనామ్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైరు పట్టుకుని లాగా. గోడలోంచి వచ్చింది, వీధిలోంచి వచ్చింది, సముద్రం అడుగునుంచి వచ్చింది, దాంతోపాటు రెండు చేపలు, ఆ చివర అవతలి ఒడ్డు దొంగ, కుర్చీతో సహా! తడిసి ముద్దై నా కాళ్లమీద పడ్డాడు. జాలేసి, ఓ గిన్నెడు పప్పుచారు తాగించి, వచ్చిన వైరులోనే వెనక్కి తోసేశా."

"మరి చేపలో?" అన్నాడు వగ్దీ.

"కాల్చుకు తిన్నాం కదయ్యా!"

ఇనామ్ గ్లాసు కింద పెట్టింది. "ఇంతకీ నా పాస్‌వర్డు కాజేసిన ఆ దొంగ ప్రోగ్రాం మన ఆఫీసులోకి ఏ దారిన వచ్చిందో చెప్పలేదే, షౌకీ గారూ?"

ఆయన బల్ల మీది డామినో ఆట పావులు సర్దుకోసాగారు.

"ఇఫ్తార్ వేళల పట్టికలో దాక్కుని వచ్చింది. ఎవరో పంపిస్తే, పుణ్యం వస్తుందని మా అందరికీ పంచింది మీరు. యాంటీవైరస్ వద్దని మొత్తుకుంటే దాని నోరు నొక్కమన్నదీ మీరే!"

వగ్దీకి నవ్వుతో పొలమారింది.

"తప్పు నాది, తీసేస్తే నన్ను తీసేయండని డైరెక్టరు ముందు నిలబడిందీ మీరే. తలుపు బయటినుంచి విన్నాను. సముద్రాన్నే లాగిన మనిషి, ఆ ఒక్క ముక్క ఏనాడూ చెప్పరెందుకు?"



"అందులో చేపలు లేవమ్మా," అన్నారాయన. "ఎవరు వింటారు?"

నలుగురం పగలబడి నవ్వాం. ఇనామ్ ఆయన టీలో పుదీనా రెమ్మ వేసింది. ఆయన పావులు బోర్లించి కలిపారు. నా వంతు ఏడు పావులు నేను తీసుకున్నాను.