అగ్గికొండకి లొట్టి కట్టిన సూరిబాబు

"ఫోనేమైనా మోగిందా వీరాయమ్మగారూ? లేదా? పోన్లెండి, ఇంకో టీ పొయ్యండి. బొంబాయి ఏజెంటు పొద్దున్నే చేస్తానన్నాడు, మధ్యాహ్నమైంది. మళ్ళీ ఓడెక్కమంటాడో, వయసైపోయింది ఇంట్లో కూర్చోమంటాడో. ఏదో ఒకటి చెప్పేస్తే పోయేది కదండీ."

మలికిపురం సెంటర్లో వీరాయమ్మ టీకొట్టు. ఎస్టీడీ ఫోనూ ఆ కొట్లోనే. బల్లమీద చేరగిలబడినవాడు సూరిబాబు, వయసంతా ఓడల్లో వంటచేసినవాడు. పక్కన రిటైరైన సుందరరావు మాస్టారు. ఎదురుగా చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని సూరిబాబు బావమరిది నూకరాజు, కల్లు గీసేవాడు.

"అక్క రమ్మంటోంది బావా. ఇంక ఓడలొద్దు, ఇంటిపట్టున ఉండమంటోంది" అన్నాడు నూకరాజు.

"ఉండి ఏం చెయ్యాల్రా? నీతో చెట్లెక్కాలా? అగ్గికొండ ఎక్కినోణ్ణిరా నేను."

"అదేం కొండండీ?" అన్నారు మాస్టారు.

"మీకు చెప్పలేదా? ఓపిక లేదు గానీ, అడిగేరు కనక చెబుతాను. అట్లాంటిక్ సముద్రం నడిమధ్య ఒక దీవండి, పోర్చుగీసువాళ్ళది, పేరు నాకు నోరు తిరగదు. మన గోదారి లంకల్లాగ ఒండ్రుమట్టి కాదండీ, మధ్యలో కొండ, దాని నెత్తిన పొగ. ఎప్పుడో కక్కిన అగ్గి చల్లారి నల్లరాయైపోయింది. ఆ రాళ్ళే గోడలు పేర్చి, గోడకీ గోడకీ మధ్య ద్రాక్ష వేసేరు. పందిరుండదు, గాలికి జడిసి తీగ నేలమీదే పడుకునుంటుంది, నా నడుం లాగ. మగాళ్ళంతా పడవలమీద తిమింగలాల వేటకెళ్ళినోళ్ళు, ఒళ్ళు అలిసేక ఇంటికొచ్చి వైను చేసుకుంటారు. ఓడ రేవులో ఆగితే అలా దిగేనండి. ఒక గోడమీద ముసలాయన కూర్చుని చెయ్యెత్తేడు. నేనూ ఎత్తేను. గ్లాసుడు వైనిచ్చేడు, తాగేను."

"అంతేనా?" అంది వీరాయమ్మ, టీ అందిస్తూ.

"అంతేనా అంటే ఎలాగండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళు పళ్ళు తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కుతున్నారండి, చూస్తేనే నా మోకాళ్ళు నొప్పెట్టేయి. ఎందుకయ్యా ఈ తిప్పలూ అని, మా నాన్న తాడిగెల చెక్కినట్టే తీగ కొస చెక్కి, కల్లుకుండ కట్టినట్టు లొట్టి కట్టేను."

"ద్రాక్షతీగకి లొట్టేంటి బావా? అదేమన్నా తాడిచెట్టా?"

"తెల్లారి చూస్తే లొట్టినిండా వైనురా! మా తోటకి రమ్మంటే మా తోటకి రమ్మని ఊరంతా నన్ను లాగేసేరు. లొట్లు చాలక ఓడలో గిన్నెలు తెచ్చి కట్టేను. కట్టడమే గానీ ఆపడం తెలీదు, వైను వీధులమ్మట పారి సముద్రంలో పడింది. చేపలకి మత్తెక్కి వాటంతటవే వచ్చి పడవల్లో పడుకున్నాయి. ఒక తిమింగలమైతే ఒడ్డుకొచ్చి, అప్పట్లో తనమీద బల్లెం విసిరిన ఆ ముసలాయన్ని గుర్తుపట్టి, ఆయన పక్కన తల పెట్టుకుని ఏడ్చిందండి."

"ఏడ్చిందా?" అన్నారు మాస్టారు.

"ముసలాయనా ఏడ్చేడు, నేనూ ఏడ్చేను. అందరం అలిసిపోయినోళ్ళమే కదండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరి కొండ సంగతో?"

"ఆయ్, వస్తున్నానండి. ఆ వైను వాసన తగిలి కొండకి మెలకువొచ్చింది, గుడగుడమంది. జనం పడవలెక్కేసేరు. ఎవడో ఒకడు చూడాలి కదండీ. ఓడ లంగరు తాడు తెప్పించి, కొండచుట్టూ మోకు వేసి, తాడిచెట్టెక్కినట్టు ఎక్కేసేను. పైన అగ్గి పొంగుతోంది. అంచు కాస్త చెక్కి, ఇత్తడి గుండిగ కట్టేను. చుక్కా చుక్కా దిగి కడుపుబ్బరం తీరేక, కొండ మళ్ళీ పడుకుంది. అప్పుడు నన్ను కదలనిచ్చేరనుకున్నారా? నెల్లాళ్ళు మంచమ్మీంచి కాలు కింద పెట్టనివ్వలేదండి. వాళ్ళు వండి పెట్టడం, నేను తినడం. నెల్లాళ్ళూ గరిటె ముట్టుకోలేదు."

నూకరాజు మోకు భుజం మార్చుకున్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అడిగాడు.

"మరి ఆ నెల్లాళ్ళూ ఓడలో వంటెవరు చేసేరు బావా? వంటోణ్ణి నేనొక్కణ్ణే అంటావుగా ఎప్పుడూ?"

సూరిబాబు చల్లారిన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"వంటోణ్ణి తప్ప అందరూ దిగేర్రా" అన్నాడు. "సాయంత్రానికి ఆకలంటూ వచ్చేరు. వంటగది కిటికీ చిన్నది, కొండ సగమే కనబడింది. ఆ ముసలాయన చెయ్యెత్తేడు చూడూ, అది మాత్రం నిజం."

ఎవరూ నవ్వలేదు. నూకరాజుకి ఎందుకడిగానా అనిపించింది. అంతలో ఫోను మోగింది.

వీరాయమ్మ ఎత్తి విన్నది. "బొంబాయేనండి. వచ్చే వారమే ఎక్కమంటున్నారు. ఏం చెప్పమంటారు?"

సూరిబాబు బల్లమీంచి లేవలేదు. "రేవొస్తే వంటోణ్ణి కూడా దిగనిస్తారేమో అడగండమ్మా."

వీరాయమ్మ అడిగింది. విని, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. "నవ్వుతున్నాడండి."

"పెట్టెయ్యండి" అన్నాడు సూరిబాబు. బల్ల పట్టుకుని మెల్లగా లేచి, నూకరాజు భుజమ్మీద చెయ్యి వేశాడు.

"పద్రా. మీ అక్క ఏం వండిందో."