బస్సులోంచి దించిన ట్రంపెట్

కాన్సస్ సిటీ, 1937 ఏప్రిల్, బుధవారం పొద్దున్న. డాన్సు హాలు మేడమీద, రిహార్సల్ గదిలో లూడీ పికెన్స్ పియానో ముందు కూర్చుని ఉంది. కింద వీధిలో ఆమె బ్యాండు బస్సు షికాగో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ట్రంపెట్ పెట్టె చేత్తో పట్టుకుని రాన్సమ్ గెయిన్స్ మెట్లెక్కి వచ్చాడు.

“నా పెట్టె ఫుట్‌పాత్ మీద పెట్టిందెవరు లూడీ?”

“ముందు కూర్చో బాబాయ్.”

“కూర్చోడానికి రాలేదు. బస్సులో నా సీటు కింద పెట్టుకున్న ట్రంపెట్ ఫుట్‌పాత్ మీదుంది. పక్కన ఓ కుక్క దాన్ని వాసన చూస్తోంది. ఎవరు దించారు?”

“నేనే దించమన్నాను.”

“నువ్వా?”

“నేనే.”

“ఎందుకు?”

“పన్ను ఎలా ఉంది? నొప్పి తగ్గిందా?”

“నా పన్ను సంగతి తర్వాత. ఎందుకు దించమన్నావ్?”

“కాఫీ తాగుతావా? వేడిగానే ఉంది, ఇదిగో...”

“పిల్లా!”

“నువ్వు షికాగో రావట్లేదు బాబాయ్.”

“ఏమన్నావ్?”

“రికార్డుకి నువ్వు రావట్లేదు. నేనే వచ్చి చెబుదామనుకున్నాను, ఈలోపు...”

“ఇంకోసారి అను.”

“విన్నావుగా.”

“విన్నా. అది మనిషి నోట్లోంచి వచ్చిందో, కింద కుక్క మొరిగిందో తేల్చుకోలేక అడుగుతున్నా.”

“సరే, అంటా. రికార్డు కంపెనీ వాళ్ళకి స్వరాలు రాసిన కాగితం చూసి వాయించేవాళ్ళే కావాలట. కాగితం ముందు పెడితే మొదటిసారే తప్పు లేకుండా వాయించెయ్యాలట, వాళ్ళకి టైము లేదట. నీకు కాగితం చదవడం రాదు. నీ వంతు వాయించడానికి అక్కడ వాళ్ళ మనిషి ఉన్నాడు.”

“నా పాటనా?”

“ఆ. నీ పాటనే.”

“నేను కట్టిన పాటని, నాకు చదవడం రాదని, ఇంకొకడు వాయిస్తాడు.”

“నువ్వలా అంటే అలాగే ఉంటుంది మరి.”

“ఎలా అంటే బాగుంటుందో నువ్వను! ఒక్కమాట అడుగుతా. వాడికి చదవడానికి కాగితం ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“ఎక్కణ్ణుంచో వచ్చింది.”

“మన బ్యాండులో కాగితమన్నదే లేదే! పదిహేనేళ్ళుగా అన్నీ తలకాయల్లోనే ఉన్నాయి. రిహార్సల్లో ఒకడు ఓ ముక్క అంటాడు, పక్కవాడు దానికి తోక తగిలిస్తాడు, ఇంకొకడు ఆ తోక పట్టుకుని లాగుతాడు, సాయంత్రానికి పాట. దాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు. పోవాలంటే పదమూడు తలకాయలు కోసుకుపోవాలి. కాగితం ఎక్కణ్ణుంచి వచ్చింది లూడీ?”

“నేను రాశాను.”

“ఆహా.”

“పది పాటలు. కంపెనీ వాళ్ళు అడిగారు.”

“అడగ్గానే రాసిచ్చేశావ్. ఇంటి తాళం అడిగితే?”

“రాయకపోతే రికార్డు లేదన్నారు!”

“పాట గుర్తుండనివాడు రాసుకుంటాడు. కాగితం చూసి వాయించేవాడూ, చీటీ చూసి పెళ్ళాన్ని ముద్దు పెట్టుకునేవాడూ ఒకటే.”

“ఈ జోకు ఓమాహాలో కూడా వేశావ్.”

“ఓమాహాలో నవ్వావ్.”

“ఇప్పుడు నవ్వు రావట్లేదు. అయినా నేర్పుతాననలేదా నేను? మీ వంటింట్లో బల్ల మీద పుస్తకం పెట్టుకుని ఎన్ని ఆదివారాలు కూర్చున్నాను? మూడో పేజీకి గురక పెట్టావ్!”

“వారమంతా బస్సులో మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నవాడు ఆదివారం గురక పెట్టడా? ఓక్లహోమాలో మన రంగుకి హోటల్లో గదిస్తారా? టెక్సస్‌లో ఇస్తారా? గురకంటుంది గురక!”

“అరవకు. కింద వినబడుతుంది.”

“వినబడాలనే అరుస్తున్నా! టల్సాలో చర్చి పియానో వాయించే పదహారేళ్ళ పిల్లని ఎవరు తెచ్చారు?”

“నువ్వే.”

“ఆడపిల్ల బస్సులో ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ స్నానం చేస్తుంది, దీంతో మనకెందుకు అని వాళ్ళంతా మొహాలు మాడ్చుకుంటే, ఒక్కొక్కడి ఇంటికీ వెళ్ళి నీకోసం బతిమాలిందెవరు?”

“నువ్వే బాబాయ్. మొత్తం నువ్వే. లిస్టు చదవక్కర్లేదు.”

“చదువుతా! కాగితం చదవడమే రాదు నాకు, లిస్టు చదవడం వచ్చు. నాయకత్వం నీకే ఇవ్వాలని నా కుర్చీ నేను ఖాళీ చేశా. బస్సు మీద నా పేరు చెరిపి నీ పేరు రాసిందెవరు? ఎర్ర రంగు డబ్బా పట్టుకుని, నిచ్చెనెక్కి?”

“నువ్వే. వంకరగా రాశావ్.”

“వంకరో టింకరో, రాశా! ఆ పేరు చూసే కదా రేడియో వాళ్ళు పిలిచారు, షికాగో వాళ్ళు పిలిచారు. ఇవాళ ఆ బస్సులో నాకు చోటు లేదు.”

“బాబాయ్, ఇంటికెళ్ళు. ప్లీజ్. నేను తిరిగొచ్చాక కూర్చుని...”

“నాకిప్పుడు అర్థమవుతోంది. ఆర్నెల్లుగా చూస్తున్నా నీ వరస. నా వంతు వచ్చేసరికి పియానో మీద పడి బాదేస్తున్నావ్. నేను పై స్వరానికి ఎక్కబోతున్నానంటే చాలు, సరిగ్గా అక్కడే రెండు చేతుల్తో దబదబా. జనానికి నా ట్రంపెట్ వినబడకూడదని.”

“అందుకే బాదుతున్నానంటావా?”

“మరెందుకు?”

“ఏం లేదులే. అందుకే అనుకో.”

“అనుకోడమేంటి? నా చెవుల్తో విన్నా.”

“నీ చెవులు బానే ఉన్నాయి. నన్ను విసిగించకు.”

“విసుగా! పేరొచ్చింది కదా, విసుగొస్తుంది. రేపు రికార్డొస్తుంది, నోట్లో నాణెం పడగానే పాట పాడే పెట్టెలున్న ప్రతి హోటల్లోనూ నీ పేరే మోగుతుంది. ఈ ముసలి బూరవాడు ఎందుకిక?”

“అలా అనకు.”

“అంటా! ఓమాహా నుంచి డాలస్ దాకా ప్రతి హాల్లోనూ అంటా, ప్రతి మంగలి షాపులోనూ అంటా. లూడీ పికెన్స్ రికార్డు మీద పేరు కోసం, పెంచిన చేతినే నరికిందని చెప్తా.”

“చెప్పుకో.”

“నీ పేరు వింటే జనం ఉమ్మేస్తారు.”

“ఉమ్మనీ.”

“నీతో వాయించడానికి ఒక్కడు రాడు.”

“రాకపోతే మానె. ఒక్కదాన్నే వాయించుకుంటా.”

“పిచ్చెక్కిందా నీకు? పదకొండేళ్ళు బస్సులో దుమ్ము తిని సంపాదించుకున్న పేరు!”

“నా పేరు, నా ఇష్టం! తిట్టు నన్ను. నీకు ఎంత కావాలంటే అంత తిట్టు. తిట్టేసి ఇంటికి పో!”

“ఏడుస్తున్నావా?”

“కోపం. కోపమొస్తే నా కళ్ళిలాగే ఉంటాయి.”

“ఏదో తేడాగా ఉంది ఇక్కడ. ఆగు. అసలు నన్ను తీసెయ్యడానికి నువ్వెవరు?”

“నాయకురాల్ని.”

“అయితే ఏంటి? మనం ఎవడి దగ్గరో జీతానికి పనిచేసే బ్యాండా? అందరం వాటాదార్లం. ఎవణ్ణి చేర్చుకోవాలన్నా, ఎవణ్ణి పంపాలన్నా చేతులెత్తాలి, తలకో చెయ్యి. నాయకుడికి మాత్రం ఓటు లేదు. ముందు నిలబడేవాడికి ఎలాగూ నోరుంటుంది, చెయ్యి కూడా ఎందుకని ఆ రూలు పెట్టిందే నేను. నీకు చెయ్యే లేదు, నన్నెలా తీసేశావ్?”

“తీసేశానంతే.”

“అయితే ఓటు పెట్టు. పద కిందికి.”

“టైము లేదు.”

“చెయ్యెత్తడానికి టైమెంత? చంక గోక్కున్నంత సేపు. పదకొండు మందీ బస్సు దగ్గరే ఉన్నారు. నా మొహం చూసి ఒక్కడు చెయ్యెత్తమను చూద్దాం. మా ఓడెల్‌కి తెలుసా ఈ సంగతి?”

“వాడి జోలికెళ్ళకు.”

“నా కొడుకు జోలికి నేను వెళ్ళకూడదా? ట్రంపెట్ కన్నా పొట్టిగా ఉన్నప్పుడు నేర్పాను వాడికి. నా పక్క కుర్చీలో కూర్చుని వాయిస్తున్నాడు ఎనిమిదేళ్ళుగా. వాడికి తెలిస్తే బస్సు టైర్లు కోసేస్తాడు. పాపం టోపీ మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాడని లేపలేదు కానీ...”

“లేపకు. నీకు దణ్ణం పెడతా. లేపకు.”

“సరే, వాణ్ణి లేపను. ఆ షికాగో రికార్డు కంపెనీ వాడినే లేపుతా. ఏంటి వాడి పేరు, వెండెల్. కింద మందుల షాపులో ఫోనుంది. నాకు చదవడం రాకపోతే వచ్చిన నష్టమేంటో వాణ్ణే అడుగుతా.”

“వద్దు.”

“తెల్లవాడితో మాట్లాడ్డం నాకేం కొత్తా? అవతల పెట్టు ఆ కాఫీ. తప్పుకో.”

“తప్పుకోను.”

“లూడీ, తలుపుకి అడ్డం లే.”

“ఫోన్ చెయ్యకు బాబాయ్.”

“ఏం? నిజం బయటపడుతుందా?”

“అవును!”

“ఏమంటాడేంటి?”

“నిన్ను తప్పకుండా తీసుకురమ్మంటాడు.”

“...ఏంటీ?”

“వాడికి నువ్వే కావాలి. ఎప్పుడో సెయింట్ లూయీలో డాన్సు పడవ మీద నీ ట్రంపెట్ విన్నాడట, ఇప్పటికీ దాని గురించే మాట్లాడతాడు. పదమూడు మందీ రండి, మీరెలా వాయిస్తారో అలాగే వాయించండి అన్నాడు. కాగితం మాటే ఎత్తలేదు. నేను ఏ పాటా రాయలేదు.”

“మరి వాళ్ళ మనిషి... చదవడం... టైము లేదనడం...”

“అల్లాను. మెట్ల మీద నీ అడుగుల చప్పుడు వినబడుతుంటే అల్లాను. కాగితం పేరు చెప్తే నీకు కోపమొస్తుందని తెలుసు. కోపంతో మనిషి బతికేస్తాడు. ఇంకోటి చెప్తే...”

“ఇంకోటేంటి?”

“సోమవారం నువ్వు పంటి డాక్టరు దగ్గరికెళ్ళావ్.”

“వెళ్ళా. ముందు పన్ను కాస్త ఊగుతోంది, గట్టిపడుతుందన్నాడు.”

“ఎప్పటికి గట్టిపడుతుందన్నాడు?”

“గట్టిపడుతుందన్నాడు.”

“ఆ పన్ను మీద ట్రంపెట్ ఆనట్లేదు. పై స్వరం పగిలిపోతోంది బాబాయ్.”

“అప్పుడప్పుడూ.”

“రోజూ.”

“అది... తేమ. ఈ ఏడాది గాలిలో తేమెక్కువ.”

“సోమవారం నువ్వక్కడున్నప్పుడు ఇక్కడ ఓటు పెట్టారు.”

“నేను లేకుండానా?”

“నువ్వు లేకుండానే.”

“ఎన్ని చేతులు?”

“వదిలెయ్.”

“ఎన్ని?”

“పదకొండు.”

“పదకొండుకి పదకొండు.”

“ఎత్తేసి, దించేసి, అందరూ కలిసి నా మొహం చూశారు. నువ్వు చెప్పు లూడీ, నువ్వైతే మెల్లగా చెప్తావ్ అని. చవటలు! ఓటు మీకు, చెప్పే పని నాకా? పొద్దున్నించీ ఇక్కడే కూర్చున్నా, ఒక్క మగాడు ఈ మెట్లెక్కి తోడొచ్చాడా? అందరూ బస్సులో నక్కి కూర్చున్నారు. నా పేరు మీద మొదటి రికార్డు బాబాయ్ ఇది. చిన్నప్పట్నుంచీ ఈ రోజు కోసం చూశాను. ఇలాగా వెళ్ళేది నేను?”

“నాతో చెప్పొచ్చుగా వాళ్ళు. ఇన్నేళ్ళు ఒకే కంచంలో పక్కటెముకల మాంసం పీక్కుతిన్నాం. ‘రాన్సమ్, నీ పెదవి పనైపోయింది’ అని ఒక్కడు అనలేకపోయాడా? పగిలితే పగిలింది, పదిహేనేళ్ళలో స్వరం పగలగొట్టనివాడెవడు!”

“అదే అనుకున్నారు. హాల్లో పగిలితే ఏం కాదు, డాన్సులో కొట్టుకుపోతుంది, ఇంటికెళ్ళేలోపు అందరూ మర్చిపోతారు. రికార్డులో పగిలితే మనమందరం పోయాక కూడా పగులుతూనే ఉంటుంది. ఎప్పుడో ఎవడో పెట్టుకుని విని, ఆయన వాయించడం ఇంతేనా అనుకుంటాడు. అలా జరగనివ్వనన్నాడు.”

“ఎవడు?”

“ఎవడో అన్నాడు.”

“ఎవడన్నాడు లూడీ?”

“హారన్ కొడుతున్నారు, నేను పోవాలి...”

“కొట్టనీ. పదకొండంటే లెక్క కుదరట్లేదు నాకు. ఓడెల్‌ని పక్కన కూర్చోబెట్టి ఉంటారు కదా? తండ్రి మీద కొడుకుని ఓటెయ్యమని ఎవడడుగుతాడు?”

“బాబాయ్...”

“నా కొడుకు చెయ్యి కూడా లేచిందా?”

“ఓటు పెట్టమన్నదే వాడు.”