ఘాట్‌లో బండి ఆపిన మాబ్లేశ్వర్ గారికి

పంతొమ్మిది వందల తొంభై, జూన్ పద్దెనిమిదో తారీఖు, సోమవారం. ఆ రోజు వానలో తడుచుకుంటూ మన హొన్నెకట్టె బస్సు డిపోకి డ్రైవరుగా వచ్చి చేరారు శ్రీ మాబ్లేశ్వర్ నాయ్క గారు. అప్పట్లో నేను అక్కడ మెకానిక్‌ని. ఈ నెలాఖరుకి వారు రిటైరవుతున్నారు. వీడ్కోలు సంచిక వేసే పిల్లలు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాకు రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు పూర్ణిమ రాస్తోంది.

మొదట్లో వారిది సముద్రం ఒడ్డు నుంచి ఘాట్ ఎక్కే పొద్దుటి బండి. పైన చేపల బుట్టలు, లోపల బడి పిల్లలు. బాలింతని పుట్టింటి నుంచి తీసుకెళ్లాలంటే మాబ్లేశ్వర్ గారి డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవారు. అంత నెమ్మది ఆ చెయ్యి.

రెండువేల రెండులో వారికి జబ్బు చేసింది. మనసు జబ్బు. నిద్ర పట్టేది కాదు. వెనక కూర్చున్నవాళ్లంతా తన గురించే మాట్లాడుకుంటున్నారనేవారు. ఎవరూ లేని చోట మాటలు వినపడేవి. భార్య భాగీరథమ్మ గారు ధార్వాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చూపించారు. నయమైంది. బండి నడపొచ్చని డాక్టరమ్మ చెప్పాకే డ్యూటీకి వచ్చారు.

ఇక్కడే సంచిక పిల్లలు నన్ను ఆపారు. "అనారోగ్యం అని రాస్తే చాలు తాతా" అన్నారు. ఎందుకు చాలు? వెనకటి మేనేజరు గారి సన్మానంలో వారి గుండె ఆపరేషను గురించి అరగంట చెప్పుకున్నాం గదా. మాబ్లేశ్వర్ గారినే అడిగాను. "రాయించు కెరియణ్ణా. ఇన్నాళ్లూ చెవులు కొరుక్కున్నారు, ఇప్పుడు చదువుకుంటారు" అన్నారు. అందుకే రాయిస్తున్నాను.

వారు తిరిగొచ్చాక చూడాలి మనవాళ్ల తంతు. తలుచుకుంటే ఇప్పటికీ విసుగే. వారు నవ్వితే వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. నవ్వకపోతే "ఏంటి, మళ్లీనా?" సెలవు ఇవ్వలేదని గుమాస్తా మీద గొంతు లేపితే, "మాత్ర వేసుకున్నావా మాబ్లా?" సెలవు ఇవ్వకపోతే మాత్ర వేసుకున్నవాడికీ కోపమొస్తుంది. క్యాంటీన్ శీనణ్ణ అయితే, వారు టీకి రాగానే ఉల్లిపాయల కత్తి తీసి లోపల పెట్టేవాడు. ఎందుకురా అంటే, "ఏమో అణ్ణా, ఎందుకైనా మంచిది" అనేవాడు. వాడి ఉప్మా అన్నేళ్లు తిని కూడా వాడినొక మాట అనని మనిషి వారు.

అలా ఉండగా ఒక వానాకాలం వారు ఘాట్ నడుమ బండి ఆపేశారు. వెనక చక్రంలో ఏదో శబ్దం, ఇక నడపను అన్నారు. జనం దిగి వానలో నిలబడ్డారు. నేను వెళ్లి చక్రం విప్పి చూశాను. ఏమీ లేదు. అంతా బాగానే ఉంది.

మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఏమీ లేదా?"

"లేదు సార్."

"అంటే లేని శబ్దం విన్నాడు."

"విన్నారు సార్. మొన్న గిరియణ్ణ కూడా విన్నాడు. విప్పితే ఏమీ లేదు. డ్రైవర్లకి అనుమానం వస్తుంది, నేను విప్పి చూస్తాను. నా పనే అది."

"గిరియణ్ణ సంగతి వేరయ్యా."

"ఏం వేరు సార్?"

మర్నాడే మాబ్లేశ్వర్ గారిని టైర్ల గదికి మార్చారు. స్టీరింగు పట్టిన మనిషి ట్యూబులకి అతుకులు వేస్తూ కూర్చున్నారు. బాగానే ఉన్నారని ధార్వాడ డాక్టరమ్మ మళ్లీ చెప్పినా వినేవాడు లేడు. "అందరూ పొరపాటు పడొచ్చు భాగీ, నేనొక్కడినే పడకూడదు" అన్నారట ఇంట్లో.

ఇంతలో మారి అమ్మవారి జాతర వచ్చింది. డ్రైవర్లు చాలక, గతిలేక, పొద్దుటి బండి వారికే ఇచ్చారు. ఆ రోజు నేనూ ఎక్కి కూర్చున్నాను. స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూసి జనం ఒక్కొక్కరే దిగిపోతున్నారు. చేపలమ్మే మాదేవక్క బుట్టతో వచ్చింది. ఘాట్‌లో బండి ఆగిన రోజు వానలో నిలబడ్డవాళ్లలో ఆమె కూడా ఉంది. దిగినవాడొకడు అడ్డం వచ్చి, "ఎక్కకక్కా, నీ చేపలు పాడు చేసినవాడే ఇతను. లేని శబ్దాలు వింటాడు" అన్నాడు.

"నాకు తెలీదా? బుట్టెడు చేపలు పోయాయి, నోరారా తిట్టాను. అయితే ఏంటి? అనుమానమొచ్చింది, ఆపాడు. నిన్నొచ్చిన డ్రైవరు, దిగాలి మొర్రో అని నేను రేకు మీద బాదుతుంటే ఆపకుండా రెండు మలుపులు అవతల దించాడు. వాడికి ఉన్న శబ్దమే వినపడదు. వాడి బండి ఎక్కుతావు గదా నువ్వు? తప్పుకో, బుట్టలో ఐసు కరుగుతోంది."

ఎక్కి కూర్చుని, "మాబ్లా, ఇవాళ ఏమైనా వినపడుతోందా?" అంది.

"నీ నోరే వినపడుతోందక్కా" అన్నారు మాబ్లేశ్వర్ గారు, గేరు వేస్తూ.

దిగినవాళ్లలో సగం మంది నవ్వుకుంటూ ఎక్కారు. మిగతావాళ్లు తరవాతి బండికి పోయారు. పోనీ.

ఆ తరవాత వారి చేతిలోంచి స్టీరింగు ఎవరూ తీసుకోలేదు. ఒకసారి అద్దం పగలగొట్టారు. ఒకసారి డిపో గోడని రాసుకుంటూ పోయారు. శబ్దమని ఇంకో రెండుసార్లు ఆపారు, ఒకసారి ఉంది, ఒకసారి లేదు. అందరు డ్రైవర్లలాగే. నడుమ జబ్బు తిరగబెడుతున్నట్టుంటే తామే చెప్పి, సెలవు పెట్టి, ధార్వాడలో చూపించుకుని వచ్చారు. శీనణ్ణ కత్తి మాత్రం ఇప్పటికీ లోపలికే పోతోందని విన్నాను. ఒరేయ్ శీనా, ఇది చదివించుకున్నాకైనా బయట పెట్టరా.

మాబ్లేశ్వర్ గారూ, మీరూ భాగీరథమ్మ గారూ ఒంట్లోనూ మనసులోనూ బాగుండి ఎన్నో వానాకాలాలు చూడాలి. కూరలో ఉప్పు లేకపోతే కేకలేయండి. ఊరికే కూర్చుని నవ్వుకోండి. మధ్యాహ్నం దాకా పడుకోండి. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. మీకు కోపమొస్తే అది కోపమే అనుకునే ఊళ్లో మీరు నిండుగా ముసలివారు కావాలి.

ఇట్లు,
కెరియప్ప, పాత మెకానిక్
(చెప్పగా రాసింది మనవరాలు పూర్ణిమ)