అయిదు మాటల మిషన్

2007 ఎండాకాలం, మధ్యాహ్నం. కుప్పంలో కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో హరినాథ్ ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. అవతల పుంగనూరు ఇంట్లోంచి మాట్లాడుతున్నది అతని అక్క మునిలక్ష్మి.

"...అది కాదక్కా, ముందు తెర మీద ఏముండాదో చెప్పు."

"ఏముంటాది? దినామూ ఉండే అయిదు బొమ్మలే. చెంబు, అన్నం తట్ట, ఏడ్సే మొగం, వద్దని ఊపే చెయ్యి, నా బిడ్డ రోజా ఫోటో. ఒగదాని తర్వాత ఒగటి ఎలగతాండాయి."

"కావాల్సిన బొమ్మ ఎలిగినప్పుడు మామ బొటనేలితో మీట నొక్కితే మాట వస్తాండాదా, లేదా?"

"వస్తాండాది. రావడమే గదరా రోగం! ఆగకుండా వస్తాండాది. పక్షవాతం వచ్చిన మా మామకు ఒగ ఏలు మిగిలింది, దానికే నోరు కట్టిస్తానని తెచ్చి పెడితివి. ఇప్పుడు ఆ నోటికి పిచ్చి పట్టింది."

"నీళ్లు."

"ఇన్నావా? నా గొంతే, నువ్వు రికార్డు చేసిందే. నీళ్లంట. చెంబు నోటి కాడ పెడితే ఏమంటాడో సూడు."

"వద్దు."

"ఇదో. ఇదే! అడిగేది ఆయనే, వద్దనేది ఆయనే. ఎనకాలనే—"

"తాతా, నేనొచ్చేసినా!"

"ఎనకాలనే రోజా బొమ్మ, దాని గొంతు. ఇందాకట్నుంచి ఇదే పాట. నీళ్లు, వద్దు, రోజా. నీళ్లు, వద్దు, రోజా. నాకు తలకాయ తిరగతాండాది హరీ."

"ఎప్పట్నుంచి ఇట్ల?"

"ట్యాంకరు ట్రాక్టరు సందులోకి వచ్చినప్పట్నుంచి. దాని శబ్దానికి నీ మిషన్ బెదిరిందేమో."

"ఎగతాళి చాలుగానీ, కరెంటు ఎక్కువా తక్కువా అయ్యిందా?"

"ఫ్యాను బాగానే తిరగతాండాది."

"రోజాను మామ పక్కన కూసోబెట్టు. కొంచెం నెమ్మదిస్తాడు."

"అది మా అత్తతో అంగడికి పోయింది. అదుంటే నాకీ గోలే లేదు. దినామూ ఇద్దురికీ దొంగాట గదా. అది పెరట్లో యాడో దాక్కుంటాది. మామ కిటికీలో నుంచి సూసి దాని బొమ్మ నొక్కతాడు. తన గొంతు తనకే ఇనపడి నవ్వుకుంటా పరిగెత్తి వస్తాది. ఆ ఆటకోసరమే ఈ మనిషి ఇంకా... సర్లే. నువ్వు చెప్పు, ఏం చెయ్యాల?"

"ఆపి మళ్లా లేపు. కింద ఎడంపక్క గుర్తు నొక్కితే మెనూ వస్తాది, అందులో రీబూట్ అని ఉంటాది."

"మునిలక్ష్మమ్మా! ఓ మునిలక్ష్మమ్మా!"

"ఒక్క నిమిషం రా, నీళ్ల ట్యాంకరు ఆయప్ప పిలస్తాండాడు. ఏం ఈశ్వరప్పా?"

"పెరట్లో సంపులో నిచ్చెన ఉండాదమ్మా, పైపుకు అడ్డమొస్తాంటే తీసి గోడకు పెట్టినా. పైపు అందడం ల్యా. ట్రాక్టరు తిప్పి ఎనక్కి పెట్టుకొని వస్తా."

"పెట్టుకో అప్పా. పొద్దున మాయాయన దిగి కడిగినాడు, మూత పెట్టకుండానే మదనపల్లె మార్కెట్టుకు పోయినాడు. నువ్వు నింపినాక మూత ఎయ్యి సామీ. ఆఁ, హరీ, రీబూట్ కొట్టినా."

"నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తుతాండాయా?"

"పరిగెత్తుతాండాయి. కొత్తది కొనుక్కోరాదా అని మాయాయన మొత్తుకున్యాడు. నువ్వే వింటివి కావు."

"కొత్తదెందుకక్కా? కాలేజీలో మూల పడేసిన పెట్టె. మెమరీ తక్కువ, హార్డ్ డిస్కే లేదు. అందుకే సీడీ నుంచి లేసే చిన్న లినక్స్ ఏసినా. పెద్దది ఏస్తే ఇది మొయ్యలేదు."

"నీ చిన్న లినక్సుకు పెద్ద రోగమొచ్చింది... హరీ! ఇప్పుడు మళ్లా 'తాతా' అన్నింది!"

"అప్పుడే లేసిందా?"

"లేదు. ఇంకా అక్షరాలే."

"అక్షరాలొచ్చేటప్పుడు గొంతు రాదక్కా. ఇందాకట్నుంచి వినీ వినీ నీ చెవుల్లో మోగతాండాది."

"అట్లే అయ్యుంటాది. ఆఁ, బొమ్మలొచ్చినాయి. చెంబు ఎలిగింది..."

"నీళ్లు."

"సచ్చినాంరా నాయనా. మళ్లా మొదలు!"

"వద్దు."

"మామా, ఎందుకట్ల? ఏం కావాల మామా? నీళ్లా? వద్దా? కండ్లు నా వైపు తిప్పడే లేదు హరీ. కిటికీ మీదనే పెట్టుండాడు. ఒళ్లంతా చెమట్లు పట్టినాయి."

"తాతా, నేనొచ్చేసినా!"

"చెమట్లు పట్టవా మరి? మనం ఒగటి చెప్తాంటే నోరు ఇంకోటి అంటే మనకైనా పడతాయి. ఆయన నొక్కడం లేదు, మీటే ఇరుక్కొని తానే నొక్కుకుంటాండాది. లేకపోతే ప్రోగ్రామే ఒగ చోట తిరగతాండాది. ముందు దాన్ని ఆపతాం. తెర మీద కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరువు. నేను చెప్పే అక్షరాలు కొట్టు. కె."

"ఏ కె?"

"కుప్పం కె. తర్వాత ఐ. ఎల్. ఇంకో ఎల్. ఏ. మళ్లా రెండు ఎల్లు."

"ఇన్ని ఎల్లులు ఎందుకురా? ఉండు... కె, ఐ, ఎల్, ఎల్... కిల్ అంటే సంపేది గదా? ఇంట్లో మంచంలో మనిషిని పెట్టుకొని ఈ మాటలేందిరా?"

"చంపేది ప్రోగ్రామును! నువ్వు కొట్టక్కా. ఒగ ఖాళీ వదిలి ఎం, ఏ, టి, ఏ. మాట. నేను పెట్టిన పేరు. ఎంటర్ కొట్టు."

"కొట్టినా. బొమ్మలు పోయినాయి."

"పోయినాయా! ఇంక నెమ్మదిగా—"

"వచ్చినాయి."

"ఏంది?"

"మళ్లా వచ్చినాయి. చెంబు, తట్ట, అన్నీ."

"థూ, నా తెలివి తెల్లారినట్టే ఉండాది. మామ నోరు పడిపోకూడదని, ఆగితే తానే లేసేటట్టు నేనే రాసినా."

"నీళ్లు."

"హరీ, నువ్వొచ్చేయరాదా?"

"పలమనేరు మీద బస్సులు మారి వచ్చేసరికి పొద్దుగూకతాది. ఫోన్లోనే చెయ్యాల. మామ చేతి కింద మీట ఉండాది గదా, దాని వైరు పీకు."

"వద్దు."

"పీకితే ఆయన ఏమీ చెప్పలేడు గదరా?"

"ఇప్పుడు మాత్రం ఏం చెప్తాండాడు? కొంచేపే. మాట ఆగితే మీటది తప్పు, ఆగకపోతే మిషన్‌ది తప్పు. యాడుందో తేలిపోతాది."

"సరే... మామా, కొంచెం ఏలు తియ్యి మామా. బాగు చేసేదానికే. తియ్యి... హరీ, వదల్లేదురా. ఉండే ఒగ ఏలూ బిగపట్టి మీట మీదనే పెట్టినాడు."

"తాతా, నేనొచ్చేసినా! తాతా, నేనొచ్చేసినా! తాతా, నేన్—"

"పీకినా."

"ఆగిందా?"

"ఆగింది. కండ్లల్లో నుంచి నీళ్లు కారతాండాయిరా. బిడ్డ చేతిలో బొమ్మ పెరుక్కున్నట్టుండాది నాకు."

"మళ్లా పెడతాం గదా. ఆగిందంటే తప్పు మీటదే. లోపల దుమ్ము పట్టుంటాది. స్క్రూ తీసి—"

"అమ్మా! పైపు దింపినా. నీళ్లు ఇడిసేదా?"

"ఇడువు ఈశ్వరప్పా! నిండినాక పిలువు, నేను ఫోన్లో ఉండా. ఆఁ, స్క్రూ తీసి?"

"తీసి గుడ్డతో తుడువు. స్క్రూడ్రైవర్ ఉండాదా?"

"కత్తిపీట ముక్కుతో తీస్తా. ఉండు... హరీ."

"ఏమక్కా?"

"మళ్లా 'తాతా' అన్నింది."

"వైరు పీకినావు గదా?"

"నా చేతిలోనే ఉండాది వైరు. కానీ ఇప్పుడు గొంతు మారింది. కుండలో తల పెట్టి పిలిచినట్టు, గుయ్యిమంటా వస్తాండాది. నీకు ఇనపడలేదా?"

"ఏదో ఇనపడతాండాది. ట్రాక్టరు మోతలో తెలియడం లేదు. స్పీకరు గుడ్డ చిరిగుంటాది. మొత్తం మాట వస్తాండాదా?"

"లేదు. 'నేనొచ్చేసినా' అనేది రావడం లేదు. తాతా, తాతా... అంతవరకే."

"అయితే ఫైలు సగానికి తెగింది. మెమరీ నిండిపోతే అట్లనే అయితాది. మిగిలిన ముక్కనే తిరగా మరగా పాడతాది. స్పీకరు వైరు పెట్టె ఎనక పచ్చ రంధ్రంలో ఉంటాది, లాగేయ్."

"లాగినా."

"ఇప్పుడు?"

"...వస్తాండాది."

"వేరే వైరు లాగింటావు."

"పచ్చదేరా! నాకు కండ్లు లేవా? స్పీకర్లు రెండూ నా ఒళ్లో ఉండాయి."

"లోపల చిన్న బజరు ఒగటి ఉంటాది... కానీ అది కుయ్ అంటాది గానీ మాట్లాడదే. అక్కా, మొత్తం ఆపేయ్. పెట్టె వైరు గోడ కాడ పీకు."

"పీకినా. కింద బ్యాటరీ పెట్టె కుయ్ కుయ్ మంటాండాది."

"దాని మీట గూడా ఆపు."

"ఆపినా. తెర పోయింది. లైట్లు పోయినాయి. కుయ్ మనేది గూడా లేదు."

"ఇంక రాదు. పది లెక్కబెట్టి—"

"హరీ."

"అక్కా?"

"వస్తాండాదిరా. పిలస్తానే ఉండాది. ఏడుస్తా పిలస్తాండాది. మిషన్‌లో అది నవ్వుతా అన్నింది గదా హరీ, ఏడుపు యాడనుంచి వచ్చింది?"

"ఏడుస్తాండాదా?"

"అవునురా! ఏం పీకాల ఇప్పుడు? ఇంక పీకేదానికి ఏమీ లేదు!"

"అక్కా, కరెంటు లేకుండా మిషన్ మాట్లాడదు. అది మిషన్ కాదు. రోజా యాడుండాది?"

"అత్తతో పోయిందని చెప్పినా గదా... ఇదో, అత్త వచ్చింది. అత్తా! రోజా యాడ?"

"ఏందే, పెట్టె ఊడదీసి కూసున్యావు? రోజా నాతో యాడొచ్చింది? మలుపు కాడనే చెయ్యి ఇడిపించుకొని, తాత కాడికి పోతానని ఎనక్కి పరిగెత్తె. ఇంట్లో లేదా?"

"లేదు... నేను సూడలేదు... హరీ, మా అత్త..."

"విన్నా. అక్కా, నీళ్లు. వద్దు. రోజా. మిషన్‌కు ఏమీ కాలేదక్కా! మామ చెప్పిందే చెప్తాండాడు! పాప దాక్కునేది పెరట్లోనే గదా? సంపులో నిచ్చెన ఉన్నింది గదా? నీళ్లు ఆపించు!"

"ఈశ్వరప్పా! ఆపప్పా! నీళ్లు ఆపు!"

"ఏందమ్మా? ఇంజన్ మోతకు ఇనపడ్ల్యా!"

"నా బిడ్డ! సంపులో నా బిడ్డుండాది! ఆపు!"

"మునిలక్ష్మీ, నిచ్చెన! గోడ కాడ నిచ్చెన! ఓయమ్మా, నా తల్లో!"

"అక్కా! అక్కా, ఫోను... హలో? ఏమైంది? అక్కా! రెడ్డెమ్మత్తా! ఎవురన్నా పలకండప్పా! హలో!"

"..."

"మామా. గంగులప్ప మామా. ఫోను నీ మంచం పక్కనే ఏలాడతాంటాది, నా మాట ఇనపడతాండాదా? నీకు కిటికీలో నుంచి కనపడతాది గదా మామా. తీసినారా? బిడ్డను పైకి తీసినారా? ఒగ్గసారి నొక్కు మామా. ఏదో ఒగ బొమ్మ, ఏదైనా సరే, నొక్కు..."

"..."

"అయ్యో దేవుడా. నేనే గదా పీకించింది."

"..."

"హలో... ట్రాక్టరు ఆగింది. మామా, ట్రాక్టరు ఆగింది గదా? ఎవురో ఏడుస్తాండారు. ఎవురది? అక్కా? ఎవురన్నా ఒగ మాట చెప్పండి, కాళ్లు మొక్కతా... హలో!"

"తాతా... తాతా, నేను అన్నిసార్లు పిలిస్తే నువ్వు ఎందుకు పలకలే?"