గడ్డిలో బోర్డు

మిస్సోరీలో ఒక చిన్న ఊరు. స్కూలు బస్సు నడిపి రిటైరైన వర్లా స్ట్రౌడ్ ఇంటి ముందు గడ్డి. ఆమెకీ, ఊరి నిబంధనలు అమలుచేసే ఉద్యోగి కర్టిస్ పెల్‌కీ మధ్య ఒక బోర్డు.

"అక్షరాలు కూడా కొలవాలా?"

"కొలవాలండీ. నాలుగంగుళాలు."

"కొలవడమేనా, చదివావా?"

"చదివాను. 'మన కుళాయి నీళ్ళు గోధుమరంగులో ఎందుకొస్తున్నాయి?'"

"ఎందుకొస్తున్నాయి మరి?"

"అది నా శాఖ కాదు, వర్లా గారూ. ఇళ్ళ ముందు బోర్డులు పెట్టకూడదని మే నెలలో కౌన్సిల్ తీర్మానం చేసింది."

"నేను పెట్టింది ఏప్రిల్లో."

"తెలుసండీ."

"ఎదురింటి రస్సెల్‌ది బోర్డు కాదా?"

"'కుక్క ఉంది జాగ్రత్త.' దానికి మినహాయింపు ఉంది. ఇల్లు అమ్మబడును అన్నదానికీ ఉంది."

"రస్సెల్‌కి కుక్క లేదు."

"ఉండాలని తీర్మానంలో లేదండీ."

"అంటే లేని కుక్క గురించి చెప్పొచ్చు, ఉన్న నీళ్ళ గురించి చెప్పకూడదు."

"బోర్డు మీద చెప్పకూడదు. కౌన్సిల్లో చెప్పుకోవచ్చు."

"మూడుసార్లు వెళ్ళాను కర్టిస్. మొదటిసారి పైపులు కడుగుతున్నామన్నారు. రెండోసారి నా కుళాయే పాతదన్నారు. మూడోసారి రెండు నిమిషాలు మాట్లాడమని, ఒకటిన్నర నిమిషానికే గంట కొట్టారు. ఇక్కడైతే గంట కొట్టేవాడు ఉండడని ఇక్కడ పెట్టుకున్నాను."

"ఎవరైనా చెప్తే పెట్టారా?"

"నా గడ్డి, నా నోరు. ఎవరు చెప్పాలి?"

"'నా గడ్డి, నా నోరు.' రాశాను."

"అదీ రాస్తావా?"

"మీరన్నది అన్నట్టే రాయాలి. తీయమంటే తీయనన్నారు, అవునా?"

"నువ్వింకా తీయమనలేదు."

"తీయండి."

"తీయను."

"రాశాను. జరిమానా చీటీకి పూర్తి పేరు చెప్పండి."

"పన్నెండేళ్ళు నా బస్సెక్కావు. పేరు తెలీదా?"

"మధ్య పేరు తెలీదండీ."

"జూన్. జరిమానా ఒక్కసారేనా?"

"బోర్డు ఉన్నన్నాళ్ళూ, రోజుకొకటి."

"రోజుకొకటా?"

"అవునండీ. రోజూ నేనే వచ్చి ఇస్తాను."

"నా పింఛను అన్ని రోజులకి చాలదు. నువ్వూ రోజూ వచ్చి, ఈ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని కొలుస్తూ… సరేలే. గెలిచారని చెప్పు వాళ్ళకి. ఆ కర్ర అటు పట్టుకో, పీకేద్దాం."

"వద్దు."

"ఏం?"

"దాన్ని ముట్టుకోకండి, వర్లా గారూ."

"నువ్వేగా తీయమంది?"

"అది రాయడానికి అన్నాను."

"నీకేమన్నా పిచ్చా?"

"పక్క ఊళ్ళో ఒక లాయరమ్మని అడిగాను. జరిమానా చీటీ చేతిలో ఉన్న మనిషి ఒక్కరొస్తే చాలు, కేసు నిలబడుతుంది, తీర్మానాన్నే కోర్టులో కొట్టేయిస్తానంది. ఫీజు కూడా వద్దంది. మీరిప్పుడు పీకేస్తే నా చీటీ చెల్లదు."

"ఈ సంగతి మీవాళ్ళకి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

"మా పాపకి ఆరు వారాలుగా కొన్న నీళ్ళతో స్నానం చేయిస్తున్నామండీ. సంతకం ఇక్కడ పెట్టండి."