నల్లోడి మొక్కు

భోపాల్‌పట్నం బజారులోని క్షౌరశాలలో, రెండు నెలల గడ్డంతో వచ్చిన పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కుక్క గుమ్మంలో చతికిలబడింది. మంగలి కత్తి చేతిలో పట్టుకుని, ఆ గడ్డాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"కాకా, దీన్ని తియ్యబుద్ధి అయితలేదు. టోపీ పెట్టి గుర్రమెక్కిస్తే, మనం ఫోన్‌ల చూసే ఇంగ్లీషు సినిమా హీరోవే నువ్వు."

"ఫ్యాషన్ గాదు తమ్మీ, మొక్కు. నల్లోడు నడుచుకుంట బజారుకొచ్చేదాక కత్తి ముట్టనని అమ్మవారికి మొక్కిన."

"కుక్క కోసం మొక్కా!"

"ఎందుకు మొక్కొద్దు? ఇప్పపువ్వు ఏరేకాడ ఎలుగుబంటి మీ చిన్నమ్మ మీదికొస్తే, అడ్డంబడ్డోడు వీడే."

"మొనగాడు! మరి ఎలుగు కొరికిన ఆ కాలు ఇంక రాదని పశువుల డాక్టర్లు అన్నరట గదా?"

"అన్నరు. సూది ఇచ్చి చంపెయ్యమన్నరు. ఆ సినిమాలల్ల గుర్రం కాలిరిగితే హీరోనే తుపాకి తీస్తడు చూడు, అట్ల. ఇన్నాళ్లు మోసిన జీవి కుంటిదైతే కాల్చుడు ఏం మగతనం? ఆ రోజు సంది ఆ సినిమాలు బంద్ చేసిన."

"నిజమే. కానీ కాకా, వీడు ఆ కాలు నేలకు ఆనిస్తనే లేడు. మొక్కు తీరినట్టేనా?"

"ఇంటికాడి నుంచి ఒక్క అడుగు గూడ నేను ఎత్తుకోలే. నడవాలని మొక్కిన, ఎన్ని కాళ్లతోనని చెప్పలే. కానియ్."

"మీసం?"

"ఉండని. మంచిగ మెలి తిప్పి పెట్టు. వాపస్ పోయేటప్పుడు వీడి పక్కన నడవాలె. వీడికి నామోషీ గావొద్దు."