ఈటెగాడి కూతురు

వావావు దీవుల దగ్గర, తిమింగలాల మధ్య ఈదొచ్చిన తల్లిని, పడవ నడిపే కొడుకు పైకి లాగాడు.

"ఏంటమ్మా ఆ వణుకు? చలా, భయమా?"

"ముందీ మాస్కూ గొట్టమూ తియ్యరా! పిల్లతిమింగలం నా ఒళ్లోకే వచ్చేసింది."

"తల్లి చూడలేదా?"

"చూసింది. కన్ను నా పిడికిలంత. మా నాన్న ఈటెతో పొడిచిన తిమింగలాలన్నీ గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది."

"ఇన్నాళ్లూ రమ్మంటే రానన్నది ఇందుకా? తాత రోజుల్లో అందరూ వేటాడారమ్మా. ఊరంతా ఆ కూరే తింది."

"తిన్నాం, కాదన్నానా? కానీ మన దీవుల్లో కొత్త ముఖం కనిపిస్తే మొదట అడిగేదేంటి? ఎవరి కూతురివి అని. అదీ అడుగుతుందనుకున్నా."

"అడిగిందా మరి?"

"లేదురా. పిల్లని నా దగ్గరే వదిలేసి, కిందకెళ్లి హాయిగా నిద్రపోయింది."